నీళ్ళు కట్ట వైపు ఉండాలి

సంతాప తీర్మానాన్ని ఎవరూ శ్రద్ధగా వినరు. పోయిన మనిషి సేవలు ఎనలేనివని, లోటు తీరనిదని చదువుతారు. అందరూ లేచి నిలబడతారు. నిలబడటంతోనే తీర్మానం నెగ్గిపోతుంది. చర్చ ఉండదు, సవరణ ఉండదు, వ్యతిరేకించేవాళ్ళు చెయ్యెత్తండి అని అడిగే నాథుడు ఉండడు. వాదోపవాదాల మధ్య పెరిగిన నాకు, ఎవరూ కాదనలేని ఈ ఒక్క తీర్మానం మీద మొదటినుంచీ అనుమానమే. పోయిన నెల చిక్కబళ్ళాపురంలో, మా విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రం హాల్లో, ఆ అనుమానం నిజమైంది.

గోడకు, పోయినామె ఫోటో. దానికి చామంతి దండ. పక్కనే ఆమె తయారు చేసిన జిల్లా మ్యాపు, ఉత్తరం పైకి వచ్చేలా, చక్కగా చట్రం కట్టి. ఆ చట్రం చూడగానే నాకు చిరాకు మొదలైంది. కేంద్రం డైరెక్టరు గారు కన్నడంలో తీర్మానం చదువుతున్నారు. మధ్యలో ఒక వాక్యం వచ్చింది. తెలుగులో దాని అర్థం ఇది: "చెరువుల నీటి మ్యాపు తయారీలో ఆమె వల్ల ఒక లోపం దొర్లినప్పటికీ, విశ్వవిద్యాలయం దానిని సకాలంలో సరిదిద్దింది; ఆ ఒక్కటి మినహా ఆమె సేవలు మచ్చలేనివి."

నా పక్కన అశ్వత్థప్ప కూర్చుని ఉన్నాడు. భూగర్భశాస్త్రం చెప్పే మనిషి, నాగరగెరె రైతు కుటుంబం వాడు. నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ఏమప్పా అది? ఎవరు సరిదిద్దినారు?"

"వినలేదా, విశ్వవిద్యాలయం."

"దానికి కాళ్ళుండాయా, చెరువులోకి దిగేకి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఆమె ఎలాంటి మనిషో చెప్పాలి. పేరు రాయను. పేరు చదివి ఊరు తెలిసిపోయిందనుకోవడం ఆమెకు నచ్చని పని.

ఆమె శాటిలైట్ చిత్రాలు చదివే రిమోట్ సెన్సింగ్ ప్రొఫెసరు. చింతామణిలో తరాలుగా వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబం నుంచి వచ్చింది. సర్కారు కచేరీల్లో కన్నడం, కంప్యూటరు ముందు ఇంగ్లీషు, మాతో మాత్రం చింతామణి సంత తెలుగు. జిల్లాలోని చెరువులన్నిటికీ మ్యాపు గీయాలని ఒక పథకం వచ్చినప్పుడు దానికి ఆమెను పెద్దను చేశారు. రాళ్ళు చదివినవాళ్ళు, పంటలు చదివినవాళ్ళు, మనుషుల్ని చదివామనుకునే నాలాంటి సమాజశాస్త్రం వాళ్ళు, అందరం కలిసి పనిచేయాలన్నారు. మొదటి సమావేశానికి అందరం కొత్త చొక్కాలు వేసుకుని వెళ్ళాం. ఆమె ఉడకబెట్టిన శనక్కాయల పొట్లం బల్ల మీద విప్పి, తొక్కలు తన ముందు కుప్ప పోసుకుంటూ అంది:

"కలిసి పని చేసేదంటే ఒకరి ముందర ఒకరు కూర్చోని టీ తాగేది కాదప్పా. ఎవరి పని వాళ్ళు చేసి చివర్లో దారంతో కుట్టేది కూడా కాదు. నా దగ్గర ఒకటే కట్టుబాటు. నువ్వు చేసినదాన్ని నువ్వు సమర్థించుకోకూడదు. పక్కనోడు సమర్థించాల."

అంటే ఇది. మ్యాపులో ఒక్కొక్కరిదీ ఒక్కో పొర. రాళ్ళ పొర అశ్వత్థప్పది, ఊళ్ళ పొర నాది, నీళ్ళ పొర ఆమెది. ఏ సభలోనైనా రాళ్ళ పొరను ప్రశ్నిస్తే జవాబు నేను చెప్పాలి. నీళ్ళ పొర గురించి అడిగితే అశ్వత్థప్ప చెప్పాలి. నా ఊళ్ళ లెక్కకు ఆమె పూచీ. చేసినవాళ్ళు నోరు మూసుకోవాలి.

అశ్వత్థప్ప మండిపడ్డాడు. "మేడమ్, ఈయనకి గ్రానైట్‌కీ గచ్చుకీ తేడా తెలీదు. నా రాళ్ళని ఈయన కాపాడేదేంది?"

"అయితే నేర్పించు."

"నేర్పిస్తే వస్తాదా ఈయనకి?"

"రాకపోతే నువ్వు నేర్పించలేదని లెక్క. ఒక వాదీకి చెప్పలేనిది ఊరికేం చెప్తావు?"

వాదీ అన్నది హేతువాదినైన నన్ను. నేను పత్రికల్లో రాసే వ్యాసాలు ఆమె చదివేది. బాగున్నాయని ఎప్పుడూ అనలేదు. "ఎదుటోడు లేని యుద్ధం బాగా చేస్తావప్పా" అనేది.

ఆ వేసవంతా అశ్వత్థప్ప వెనక బాగేపల్లి గుట్టలెక్కాను. బండలో పగులు ఎటు పోతుందో, దానివెంట నీరు ఎటు పోతుందో అతను తిడుతూ చెప్పాడు, నేను ఎదురు ప్రశ్నలు వేస్తూ నేర్చుకున్నాను. ఆ గుట్టల మీద నేను గ్రహించింది ఒకటుంది. మన విశ్వవిద్యాలయాల్లో ఒక్కో శాఖ ఒక్కో కులం. పక్క శాఖ వాడి పాత్రలో నీళ్ళు తాగరు. పక్క శాఖ వాడు తప్పు చేస్తే నవ్వుకుంటారు, అడగరు. ఆ మడిని ఉపన్యాసాలతో నేను కదిలించలేకపోయాను. ఆమె ఒక్క కట్టుబాటుతో కూల్చింది.

మ్యాపు బల్ల మీద పరిచేటప్పుడు ఆమె ఎప్పుడూ తలకిందులు చేసేది. దక్షిణం పైకి, ఉత్తరం కిందికి. అక్షరాలన్నీ బోర్లాపడి ఉండేవి. అలవాటైన ఆకారం కనిపించక మేం తడబడేవాళ్ళం.

"పేరు చదివితే కన్ను నిద్రపోతాది. కట్ట యాడుండాది, వాలు ఎటుండాది, అది చూడండి" అనేది.

ఇంకొక మాట మమ్మల్ని అననిచ్చేది కాదు. శాటిలైట్ చెప్పింది అని ఎవరైనా అంటే శనక్కాయ ఒలవడం ఆపేసేది. "దానికి నోరుండాదా? అది వెలుతురును పట్టుకుంటాది, అంతే. చెప్పేది నువ్వు. కనిపిస్తాండాది అను. ఉండాది అనాలంటే పోయి నిలబడి రా."

నాకు అది ఎంత నచ్చేదో చెప్పలేను. పైనుంచి వచ్చింది కాబట్టి ప్రశ్నించకూడదు అనేవాళ్ళతో నా జీవితమంతా పోట్లాడాను. వాళ్ళ చేతుల్లో గ్రంథాలుండేవి. ఇప్పుడు కచేరీల్లో, కాలేజీల్లో అదే మాట కొత్తగా వినిపిస్తోంది. ఈసారి పైనుంచి వచ్చేవి బొమ్మలు. ప్రశ్నించకూడదన్న సంగతి మాత్రం మారలేదు.

అలాగని నన్నూ వదిలేది కాదు. ఒకసారి పని మీద మురుగమల్ల మీదుగా పోతూ దర్గా దగ్గర టీకి ఆగాం. రోగాలు నయమవుతాయని దూరాల నుంచి వచ్చినవాళ్ళు చెట్ల నీడల్లో ఉన్నారు. ఇదంతా మూఢనమ్మకమని నేను మొదలుపెట్టాను. ఆమె టీ తాగుతూ అంతా విని, "వీళ్ళు యాడ యాడి నుంచి వచ్చినారో అడిగినావా?" అంది. అడగలేదన్నాను. "అడుగు. ఆ ఊళ్ళన్నీ మ్యాపులో గుర్తుపెట్టు. పక్కనే ఆస్పత్రులుండే ఊళ్ళు గుర్తుపెట్టు. ఆ రెండూ చూసినాక నువ్వేం మాట్లాడతావో అప్పుడు వింటాను" అంది. నేను ఆ పని చేసి వ్యాసం రాశాను. ఆ వ్యాసంలో నా కోపం అలాగే ఉంది, కానీ మనుషుల మీంచి ఆస్పత్రులు కట్టనివాళ్ళ మీదికి మళ్ళింది.

ఇక ఆ చెరువు సంగతి.

నీళ్ళ మ్యాపు పూర్తయ్యాక జిల్లా కచేరీలో సభ పెట్టారు. పైపుల ద్వారా నీళ్ళు తెచ్చి ఏయే చెరువులు నింపాలో ఆ రోజు తేల్చేస్తారు. మా మ్యాపులో నీలంగా ఉన్న చెరువులు జాబితాలోంచి పోతాయి, ఎండినవి ఉంటాయి. మ్యాపును కచేరీ ఒప్పుకుంటేనే మా పథకానికి రెండో విడత. అంటే మా దగ్గర పనిచేసే పరిశోధక పిల్లల జీతాలు, ఆమె ఎన్నాళ్ళుగానో అడుగుతున్న కొత్త యంత్రం, డైరెక్టరు గారి పేరు, అన్నీ ఆ సంతకం మీద వేలాడుతున్నాయి.

బాగేపల్లి దాటాక ఉన్న ఒక పల్లె నుంచి కొందరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ తరఫున నారాయణమ్మ అనే ఆమె మాట్లాడింది. వాళ్ళ చెరువు మ్యాపులో నీలంగా ఉంది.

"సార్, మా చెరువులో నీళ్ళు ల్యావు. ఎండి బీటలు బారినాది. ఇదో చూడండి, కట్ట మీద నిలబడి నా కొడుకు తీసినాడు" అని ఫోను చాపింది.

సభ నడిపే అధికారి అశ్వత్థప్ప వైపు చూశాడు. కట్టుబాటు ప్రకారం నీళ్ళ పొరను కాపాడాల్సింది అతనే. అశ్వత్థప్ప చేతకాని మనిషి కాదు. నీళ్ళు వెలుతురును ఎలా వెనక్కి పంపుతాయో, మ్యాపులో నీలం ఎలా పడుతుందో మూడు ముక్కల్లో చెప్పాడు. తర్వాత నారాయణమ్మ వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఈ ఫోను బొమ్మ ఏ చెరువుదో ఎట్ల తెలుస్తాది? ఎండిన చెరువులు ఈ తాలూకాలో కొదవా?"

"మా చెరువు మాకు తెలీదా అప్పా?"

"మీకు తెలుసమ్మా. కచేరికి ఎట్ల తెలియాల?"

అధికారి తల ఊపాడు. డైరెక్టరు గారి ముఖం వెలిగింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అశ్వత్థప్ప గెలుస్తున్నాడు. నాకు ఆ గెలుపు నచ్చలేదు. ఎందుకంటే వాదన ఎక్కడా తప్పు లేదు, ఎదుట నిలబడిన మనిషి మాత్రం అబద్ధం చెబుతున్నట్టు లేదు.

మా ప్రొఫెసరు అధికారికి ఎదురుగా కూర్చుని ఉంది. మ్యాపు ఆయన వైపు తిప్పి ఉంది కాబట్టి ఆమెకు తలకిందులుగా కనబడుతోంది. చాలాసేపటి నుంచి ఆ నీలం మచ్చనే చూస్తోంది. చేతిలో పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది. ఉన్నట్టుండి అడిగింది.

"నారాయణమ్మా, మీ చెరువులో కట్టకి ఎదురుగా, ఆ పై పక్క ఏముండాది?"

నారాయణమ్మ తల దించుకుంది. "ఏమో అమ్మా. మేము ఆ పక్కకి పోము."

"ఎందుకు పోరు?"

 వెనకున్న ఒకామె నారాయణమ్మ చీర చెంగు పట్టి లాగింది.

ప్రొఫెసరు లేచింది. "సార్, ఈ మ్యాపు వెనక్కి ఇచ్చేయండి."

డైరెక్టరు గారు ఆమె చెవి దగ్గర "మేడమ్, వద్దు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు. అందరికీ వినిపించింది.

అశ్వత్థప్పకు కోపం వచ్చింది. "మీరు మాట్లాడకూడదు కదా మేడమ్. మీ కట్టుబాటే కదా."

"సమర్థించుకోకూడదని చెప్పినాను. తప్పు పట్టకూడదని చెప్పలేదు." ఆమె మ్యాపు మీద వేలు పెట్టింది. "కట్ట ఈ పక్క ఉండాది. నీళ్ళు ఆ పక్క ఉండాయి. కట్ట దగ్గర ఎండి, ఎగువ తట్టు నీళ్ళు నిలిచే చెరువును నేను యాడా చూడలేదు. నువ్వు చూసినావా అశ్వత్థప్పా?"

అశ్వత్థప్ప వంగి చూశాడు. చెరువుకు కట్ట దగ్గరే లోతు. ఉన్న నీళ్ళన్నీ అక్కడికే జారతాయి. ఆఖరి గుక్కెడు కూడా అక్కడే ఉంటుంది. అది తెలియడానికి చదువు అక్కర్లేదు. కానీ అంతసేపూ మేమెవరమూ చూడలేదు. చెరువు పేరు చదివాం, నీలం చూశాం, అయిపోయింది.

ఆ మధ్యాహ్నమే అధికారిని జీపెక్కించి తీసుకెళ్ళింది. చెరువు దగ్గరికి పోయేసరికి కట్ట దగ్గర బీటలు. ఎగువ తట్టున, చెరువు గర్భంలోనే, టమాటో తోట. కొత్తగా నాటిన నారు, కలుపు రాకుండా చాళ్ళ పొడుగునా పరిచిన ప్లాస్టిక్ మల్చింగ్ పేపరు ఎండకు నిగనిగలాడుతోంది. ఆ కాలంలో మబ్బు లేకుండా దొరికిన శాటిలైట్ చిత్రం ఒకటే. అందులో ఆ పేపరు నీళ్ళలా కనిపించింది. కంప్యూటరు నీలం పూసింది. మేం నడిచి చూడని చెరువుల్లో అది ఒకటి. అప్పట్లో మాకిచ్చిన జీపును వేరే పనికి పంపేశారు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, నేనే చెబుతున్నాను.

తోట ఆసామి ఎదురొచ్చాడు. వెనక నలుగురు మనుషులు. ముఖంలో నవ్వు.

"రాండి సార్, రాండి. నా చెరువులోకి దిగండి. చేపలు పడతారా?"

 అతను ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, ఈడ నీళ్ళుండాయని రాసింది మీరే అంట కదా. అంత చదివినోళ్ళు రాసినాక నేను కాదంటానా? సర్కారు కాగితంలో ఈ తోటే లేదు. లేని తోట మీద మీకేం పనమ్మా?"

అతని మనుషులు దగ్గరికి జరిగారు. నారాయణమ్మ వాళ్ళు కట్ట దిగలేదు. దూరంగా నిలబడి చూస్తున్నారు.

"రాసింది నేనే" అంది ఆమె. "తప్పు రాసినాను. సార్, ఇట్ల రాండి. ఈ పేపరు మీద నిలబడండి. మీ బూట్లు తడిసినాయేమో చూసి చెప్పండి."

అధికారి నిలబడ్డాడు. కిందికి చూసుకున్నాడు.  జీపు దగ్గరికి నడిచి, ఆ చెరువు పేరు జాబితాలో మళ్ళీ రాయించాడు. ఆక్రమణ మీద నోటీసు ఇమ్మన్నాడు. మ్యాపు మొత్తాన్ని వెనక్కి పంపేశాడు.

ఇక్కడ ఆగితే ఆమెను దేవతను చేసినట్టవుతుంది. నాకు దేవతలు లేరు. ఆమె చేసినదాంట్లో పెద్ద తప్పు ఒకటుంది. నారాయణమ్మ ఎందుకు తల దించుకుందో ఆమె ఆలోచించలేదు. నారాయణమ్మ వాళ్ళ వీధికి తాగడానికి నీళ్ళిచ్చేది ఆ ఆసామి బోరే. మరుసటి రోజే అతను కొళాయి కట్టేశాడు. వాళ్ళు మైళ్ళు నడిచి నీళ్ళు తెచ్చుకున్నారు. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె శనక్కాయల పొట్లం విప్పలేదు. "ఊళ్ళ పొర నేను కాపాడాల్సింది. నాది కదా ఆ పూచీ" అంది నాతో. తర్వాత తాలూకా కచేరి గుమ్మంలో పోట్లాడి ఆ వీధికి ట్యాంకరు పెట్టించింది. చెరువుకు నీళ్ళు చేరేదాకా ఆ ట్యాంకరు వచ్చిందో లేదో పోయి చూసుకునేది. ఫోన్లో చెబితే నమ్మేది కాదు.

రెండో విడత రాలేదు. మా గుంపు చెదిరిపోయింది. పరిశోధక పిల్లలు ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఆమెను చాలా రోజులు క్షమించలేదు. ఆ అమ్మాయిని కూడా నేను తప్పుపట్టలేను. ప్రొఫెసరు మిగిలిన చెరువులన్నీ సొంతంగా నడిచి, మ్యాపు తిరిగి గీసి ఇచ్చింది. దాని మీద డైరెక్టరు గారు సంతకం చేశారు. విశ్వవిద్యాలయం సరిదిద్దిందంటే అది. ఆ మ్యాపే ఇప్పుడు చట్రంలో గోడకుంది. తర్వాత ఆమెకు జబ్బు చేసింది. ఎక్కువ రోజులు పట్టలేదు.

హాల్లో తీర్మానం చదవడం అయిపోయింది. "అందరూ లేచి మౌనం పాటించవలసిందిగా కోరుతున్నాను" అన్నారు డైరెక్టరు గారు.

కుర్చీలు కదిలాయి. అందరూ లేచారు. అశ్వత్థప్ప లేవలేదు. నేనూ లేవలేదు.

వెనక నుంచి ఎవరో భుజం తట్టారు. "లేయండప్పా, బాగుండదు." ముందు వరసలో ఆమె అన్న తిరిగి చూశాడు. ఆ చూపు భరించడం కష్టమైంది. పోయినవాళ్ళ కోసం లేచి నిలబడనివాడు మనిషి కాడని మన లెక్క. నా జీవితంలో ఎన్నో సభల్లో ఎన్నో గొడవలు చేశాను. ఊరికే కూర్చోవడమే గొడవైన సభ ఇదొక్కటే.

చివరి వరసలో నారాయణమ్మ నిలబడి ఉంది. బాగేపల్లి బస్సులో వచ్చిందట. మమ్మల్ని చూసి రెండు వరసలు ముందుకొచ్చింది.

"ఏమప్పా, ఏం రాసినారు దాంట్లో?"

చెప్పాను. తప్పు ఆమెదట, దిద్దింది వాళ్ళట అని.

నారాయణమ్మ ఖాళీ కుర్చీ చూసుకుని కూర్చుంది.

మౌనం మధ్యలో గుసగుసలు లేచాయి. డైరెక్టరు గారికి ఇక తప్పలేదు. "ఏమండీ ఇది? ఆవిడ మీద గౌరవం లేదా?" అన్నారు.

అశ్వత్థప్ప కూర్చునే జవాబిచ్చాడు. "చేసినామె ఇప్పుడు మాట్లాడలేదు సార్. మాట్లాడగలిగినా మాట్లాడదు. నీళ్ళ పొర కాపాడే పూచీ నాది. ఆ మ్యాపు తప్పని మొదట చెప్పింది ఆమె. మీరు వద్దన్నా చెప్పింది. మీరు ఆమె చెవిలో అన్నమాట నాకు వినపడింది. ఈయనకి వినపడింది. ఆ కచేరిలో అందరికీ వినపడింది."

 ఆమె అన్న డైరెక్టరు గారి వైపు తిరిగాడు. "ఈయన చెప్పేది నిజమా సార్?" అన్నాడు.

డైరెక్టరు గారు కాగితం వైపు చూశారు. జేబులోంచి పెన్ను తీశారు. ఆ వాక్యం మీద గీత గీశారు. గీసి, తలెత్తకుండానే, "అయితే ఏం రాయమంటారు?" అన్నారు.

నా దగ్గర పెద్ద వాక్యం ఒకటి సిద్ధంగా ఉంది. నోరు తెరిచేలోపల నారాయణమ్మ అంది.

"ఎండిన చెరువును ఎండినాదని చెప్పింది, అని రాయప్పా. అంతే చాలు."

ఆయన రాశారు. చదివారు. అప్పుడు ముగ్గురం లేచి నిలబడ్డాం.